ఏడో సముద్రంలో కుక్క

అనగనగా పాలవెల్లి అని ఒక రాజ్యం. దాన్ని గజకేతు మహారాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ధ్వజకేతుడు, రెండోవాడు జయకేతుడు, మూడోవాడు మణికేతుడు. పెద్దవాడికి పదేళ్ళు రాగానే రాజుగారు ఉత్తరదేశం నుంచి రెండు వేటకుక్కల్ని తెప్పించి ఇచ్చారు. రెండోవాడికి పదేళ్ళు రాగానే ఇంకో రెండు తెప్పించి ఇచ్చారు. మూడోవాడికి పదేళ్ళు వచ్చాయి.

"నీకూ రెండు తెప్పించనా నాయనా?" అని అడిగారు రాజుగారు.

"వద్దు నాన్నగారూ, నాకు ఉంది" అన్నాడు మణికేతుడు. చొక్కాలోంచి ఒక కుక్కపిల్లను తీసి చూపించాడు.

అది గుర్రపుశాల వెనక గడ్డివాములో పుట్టిన ఊరకుక్క. ఒళ్ళంతా మట్టిరంగు, పొట్ట మాత్రం గవ్వలా తెల్లగా ఉండేది. అందుకని దానికి గవ్వ అని పేరు పెట్టుకున్నాడు. రాజుగారు నుదురు కొట్టుకున్నారు గానీ వద్దనలేదు. చిన్నకొడుకు కదా.

మణికేతుడికి ఒక అలవాటు ఉండేది. భోజనానికి కూర్చుని అన్నం కలపగానే మొదటి ముద్ద తీసి తన ఎడమపక్కన పెట్టేవాడు. గవ్వ అక్కడే కూర్చుని ఉండేది. అది తిన్నాకే అతను రెండో ముద్ద నోట్లో పెట్టుకునేవాడు. "ముందు దేవుడికి, ఆ తర్వాత కాకికి, ఆ తర్వాత కదా బాబూ కుక్కకి" అని పురోహితుడు సణిగేవాడు. "దేవుడు ఆకలితో తోక ఊపడు కదండీ" అనేవాడు మణికేతుడు. అలా పదేళ్ళు గడిచాయి.

ఒకరోజు కోటకు గుర్రాల వర్తకుడు ఒకడు వచ్చాడు. పాలనురగలాంటి తెల్లగుర్రం తెచ్చాడు. రాజుగారు గుర్రం పళ్ళు చూసి బాగున్నాయన్నారు. పెద్దకొడుకు డెక్కలు చూసి బాగున్నాయన్నాడు. రెండోకొడుకు జూలు చూసి బాగుందన్నాడు. నాలుగు వేటకుక్కలూ వర్తకుడి చేతిలో మాంసం ముక్కలు తిని పడుకున్నాయి. గవ్వ ఒక్కటే ఆ ముక్కను వాసన చూసి వదిలేసింది. తిన్నగా వెళ్ళి వర్తకుడి మడమ పట్టుకుని కొరికింది.

రక్తం నేలమీద పడగానే మారువేషం కాస్తా ఊడిపోయింది. వర్తకుడు లేడు, గుర్రమూ లేదు. ఎర్రటి కళ్ళతో, మోకాళ్ళదాకా జడలతో జ్వాలాముఖుడు నిలబడి ఉన్నాడు. అప్పటికే ఏడు రాజ్యాల రాజుల్ని రాళ్ళు చేసిన మాంత్రికుడు వాడే. "కుక్కను పెంచిన వాడెవడు?" అని గర్జించి, మణికేతుడి మీదికి మంత్రదండం ఎత్తాడు. దండంలోంచి మంట వచ్చింది. గవ్వ ఒక్క గెంతు గెంతి మధ్యలోకి వచ్చింది. గెంతింది గెంతినట్టే, వెనకకాళ్ళ మీద నిలబడి, నోరు తెరుచుకుని రాయైపోయింది.

గుట్టు బయటపడ్డాక మాంత్రికుడు అక్కడ నిలవలేదు. పోతూ పోతూ ఒక మాట అన్నాడు. "ఆరునెలల్లో ఆ రాయి ఇసుకైపోతుందిరా. నేను చస్తే గాని దానికి ప్రాణం రాదు. నాకు చావు లేదు." ఆ మాట అని పొగలో కలిసిపోయాడు.

మణికేతుడు ఏడ్చాడు. రాజకుమారుడు పదిమందిలో అలా ఏడవకూడదని ఎవరో అన్నారు. అయినా ఏడ్చాడు. తర్వాత మొహం కడుక్కుని, కత్తి దోపుకుని, అటుకులు మూటకట్టుకుని బయలుదేరాడు.

"ఎక్కడికిరా?" అన్నాడు ధ్వజకేతుడు.

"మాంత్రికుడు ఏడు సముద్రాల్లో ఎక్కడున్నా పట్టుకుంటానన్నయ్యా."

"కుక్క తోక పట్టుకుని గోదారి ఈదలేమంటారు. నువ్వు రాతికుక్క తోక పట్టుకుని ఏడు సముద్రాలు ఈదుతానంటున్నావు!" అని జయకేతుడు నవ్వాడు. నవ్వుతూ ఆ రాయి తోకమీద చెయ్యి వేశాడు. తోక కొస పుటుక్కున రాలి, నేలమీద పడి ఇసుకైపోయింది. జయకేతుడి నవ్వు ఆగిపోయింది.

"నీకు నూరు కుక్కల్ని తెప్పిస్తాను, ఉండిపో నాయనా" అన్నారు రాజుగారు.

"నూరు వచ్చినా గవ్వ రాదు కదా నాన్నగారూ" అని తండ్రి కాళ్ళకు దండం పెట్టి వెళ్ళిపోయాడు.

మొదటిరోజు పొద్దెక్కాక ఒక చెట్టుకింద మూట విప్పాడు. అటుకులు తడిపి ముద్దచేసి, అలవాటుకొద్దీ మొదటి ముద్ద ఎడమపక్కన పెట్టాడు. పక్కన తినేవాళ్ళు లేరని అప్పుడు గుర్తొచ్చింది. ఇంతలో పొదలోంచి ఒక ఎలుక వచ్చి ఆ ముద్ద తినేసింది.

"ఇది ఎవరికి పెట్టావు బాబూ?" అని అడిగింది ఎలుక.

"నా కుక్కకి."

"కుక్కేది?"

"ఇంటిదగ్గర రాయై ఉంది."

"అయితే ఇక్కడెందుకు పెట్టావు?"

"అలవాటు" అన్నాడు మణికేతుడు.

ఎలుక మీసాలు తుడుచుకుని, "నేనూ వస్తాను. నాకు పళ్ళున్నాయి, పనికొస్తాయి" అని అతని మూటలో దూరింది.

రెండోరోజు ముద్ద పెడితే కాకి వచ్చి తింది. కాకీ అదే అడిగింది, మణికేతుడూ అదే చెప్పాడు. "నాకు రెక్కలున్నాయి, పనికొస్తాయి" అని కాకి అతని భుజమెక్కింది. మూడోరోజు సముద్రం ఒడ్డున ముద్ద పెడితే, మంచమంత తాబేలు ఒకటి నీళ్ళలోంచి వచ్చి తింది. అదీ అదే అడిగింది. ఇంత దూరం వచ్చినా అలవాటు పోలేదా అని కూడా అడిగింది. "పోదు" అన్నాడు మణికేతుడు. "సరే, నాకు వీపుంది, ఎక్కు" అంది తాబేలు.

కాకి ముందు ఎగురుతూ దారి చూపించింది. తాబేలు నెమ్మదిగా ఈదింది. తాబేలు కదా, నెమ్మదిగా కాక ఎలా ఈదుతుంది? మూడు సముద్రాలు దాటేసరికి రెండునెలలు గడిచాయి. మూడో సముద్రం అవతల దీవిలో మాంత్రికుడి కోట ఉంది. మాంత్రికుడు వేటకెళ్ళాడని కాకి చూసివచ్చి చెప్పింది. మణికేతుడు గోడ దూకాడు. వంటసాలలో ఒక అమ్మాయి రోటిదగ్గర కూర్చుని పచ్చడి నూరుతోంది.

"ఎవరయ్యా నువ్వు? దొంగవైతే అటకమీద ముత్యాలున్నాయి, మోసుకుపో. రాకుమారుడివైతే నా చేతిలో పచ్చిమిరపకాయలున్నాయి, దూరంగా నిలబడి మాట్లాడు" అంది.

ఆమె రాళ్ళైపోయిన ఏడుగురు రాజుల్లో ఒకరి కూతురు. పేరు తరళ. మాంత్రికుడు పెళ్ళాడతానని ఎత్తుకొచ్చాడు. ఏడాదిపాటు నోము ఉంది, అది తీరేదాకా తాళి కట్టించుకోనని ఆమె అబద్ధమాడింది. ఆ ఏడాది ఇంకో మూడున్నర నెలల్లో తీరిపోతుంది.

"ఇక్కడికి ఏ రాకుమారి కోసం వచ్చావు?" అని అడిగింది.

"నా కుక్క కోసం" అని మణికేతుడు సంగతంతా చెప్పాడు.

తరళ పచ్చడిబండ పక్కన పెట్టింది. "నాకోసం ముగ్గురొచ్చారు. ముగ్గురూ పెరట్లో మా నాన్న పక్కనే రాళ్ళై ఉన్నారు. కుక్కకోసం వచ్చినవాడు నువ్వొక్కడివే. సరే విను. వాడి ప్రాణం ఎక్కడుందో మూడుసార్లు అడిగాను. మొదటిసారి చిలకలో ఉందన్నాడు. నమ్మి, కష్టపడి ఆ చిలకను పట్టుకున్నాను. అది మామూలు చిలక. మిరపపండు తిని నన్నే తిట్టింది. రెండోసారి తుమ్మెదలో ఉందన్నాడు. అదీ అబద్ధమే. మూడోసారి మాత్రం కల్లు తాగి ఉన్నాడు, నిజం చెప్పాడు."

"ఏం చెప్పాడు?"

"చిలకల్లో దాచుకున్నవాళ్ళంతా ఏమయ్యారో తనకు తెలుసట. మూడువందల ఏళ్ళ కిందట వాడు లింగన్న అనే గొర్రెలకాపరి. వాడికి రాగి అనే కుక్క ఉండేది. వాడు మంత్రాలు నేర్చి, ప్రాణం ఎందులో పెడితే భద్రమని వెతికాడట. ఇచ్చినదాన్ని చచ్చినా వదలనిది కుక్క ఒక్కటేనని దానిలో పెట్టాడు. ఏడో సముద్రం నడిమి రాతిదిబ్బమీద దాన్ని దింపి, 'ఇక్కడే ఉండు, వస్తాను' అని చెప్పి వచ్చేశాడు. గొలుసు లేదు, కాపలా లేదు. అది ఇంకా అక్కడే ఉంది."

మణికేతుడు కిటికీలోంచి సముద్రంవైపు చూశాడు.

"పరాయివాళ్ళు దిబ్బమీద కాలు పెడితే చీల్చేస్తుందట. అయితే వాడి పాత గొంగడి ఒకటి ఇనపపట్టీల చెక్కపెట్టెలో ఉంది. అది కప్పుకుని వెళ్తే దగ్గరికి రానిస్తుంది. రానివ్వగానే కత్తి దింపెయ్యి. మాంత్రికుడూ చస్తాడు, నీ కుక్కా బతుకుతుంది, మా నాన్నా బతుకుతాడు."

ఎలుక పెట్టె మూలన కొరికి కన్నం చేసింది. గొంగడి బయటికి లాగారు. మూడువందల ఏళ్ళైనా దానికి గొర్రెల వాసన పోలేదు. మణికేతుడు దాన్ని చుట్టి చంకన పెట్టుకుని తాబేలెక్కాడు. నాలుగో సముద్రం దాటాడు, ఐదో సముద్రం దాటాడు, ఆరో సముద్రం దాటాడు. ఏడో సముద్రం నడుమ, ఒక చాపంత రాతిదిబ్బమీద, ఎర్రటి కుక్క ఒకటి కూర్చుని ఉంది.

అతను గొంగడి కప్పుకుని దిబ్బ ఎక్కాడు. కుక్క లేచి, పళ్ళు బయటపెట్టి, ఆగింది. ముక్కు ఎగరేసింది. అది కూర్చున్నచోట రాయి అరిగి గుంట పడి ఉంది. ఆ గుంట తూర్పువైపు తిరిగి ఉంది. లింగన్న పడవ పోయినవైపు అన్నమాట.

మణికేతుడు కత్తి తీశాడు. కుక్క వచ్చి గొంగడి అంచు వాసన చూసింది. అతను కత్తి దించాడు. గవ్వ రాలిపోయిన తోక గుర్తొచ్చి మళ్ళీ ఎత్తాడు. కుక్క అతని మోకాలిమీద గడ్డం ఆనించింది. మళ్ళీ దించాడు. ఇప్పటికే నాలుగు నెలలు గడిచాయి, ఇంక ఆలస్యం చేస్తే గవ్వ దక్కదని, పళ్ళు బిగించి మూడోసారి ఎత్తాడు. కుక్క కత్తిని చూసింది, అతన్ని చూసింది. ఇతను తనవాడు కాదుగాని తనవాడి దగ్గర్నుంచే వచ్చాడనుకుందో ఏమో, అతనికి వీపు తిప్పి, తన గుంటలో తాను వెళ్ళి కూర్చుని సముద్రంవైపు చూసింది.

కత్తి మణికేతుడి చేతిలోంచి జారిపోయింది. ఆ రాతిమీద కూలబడి, కోటలో ఏడ్చినదానికంటే గట్టిగా ఏడ్చాడు.

"ఏమైంది?" అంది తాబేలు నీళ్ళలోంచి. "నీ కుక్క వద్దా?"

"కావాలి. కానీ దీన్ని చంపి దాన్ని బతికించుకుంటే..."

"అది నీ మొహం చూడదంటావా?"

"చూస్తుంది. కుక్క కదా, చూస్తుంది. నేనే దాని మొహం చూడలేను."

మణికేతుడు మూట విప్పి మొదటి ముద్ద ఎడమపక్కన పెట్టి, మొహం తిప్పుకున్నాడు. కాసేపటికి వెనక చప్పుడైంది. మూడువందల ఏళ్ళలో రాగి తిన్న మొదటి ముద్ద అది. "మీవాడి దగ్గరికి పోదాం పదరా" అన్నాడు. అది లేవలేదు. ఇక్కడే ఉండమన్నారు కదా మరి! అప్పుడతను గొంగడి తీసి తాబేలు వీపుమీద పరిచాడు. గొంగడి కదిలితే రాగి కదిలింది. గొంగడిమీద ఎక్కి కూర్చుంది.

"తీసుకెళ్ళి ఏం చేస్తావు?" అని కాకి అడిగింది.

"నాకూ తెలీదు. ఇది ఇంకా అక్కడే కూర్చోవడం మాత్రం నేను చూడలేను" అన్నాడు మణికేతుడు. నాలుగు సముద్రాలూ గవ్వను తలుచుకుంటూ, తాను చేస్తున్నది తప్పో ఒప్పో తేల్చుకోలేక తెల్లమొహంతోనే కూర్చున్నాడు.

వాళ్ళు దీవి చేరేసరికి నోము ఏడాది తీరిపోయింది. కోట ముంగిట పందిరి వేసి ఉంది. మాంత్రికుడు పట్టుబట్టలు కట్టుకుని, తాళి చేతిలో పట్టుకుని ఉన్నాడు. తరళ కొంగులో కారం మూటకట్టుకుని నిలబడి ఉంది. మణికేతుణ్ణి చూడగానే వాడు దండం ఎత్తాడు. అతని పక్కన రాగిని చూశాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. మంట వదిలి దాన్ని రాయి చేస్తే రాయయ్యేది తన ప్రాణమే.

"పో! నిన్నెవరు రమ్మన్నారు? ఉండమన్నచోటికి పో!" అని అరిచాడు.

అరవకపోతే బాగుండేది. జడలు పెరిగి, కళ్ళు ఎర్రబడి, మొహం మారిపోయినా గొంతు మారలేదు. ఆ గొంతు విని రాగి చెవులు నిక్కాయి. ఒళ్ళంతా వణికింది. కుయ్యిమని ఒక్క అరుపు అరిచి పరుగుతీసింది. మాంత్రికుడూ పరుగుతీశాడు. ఏడుగురు రాజుల్ని రాళ్ళు చేసినవాడు తన కుక్కకు భయపడి పందిరి చుట్టూ మూడు చుట్లు తిరిగాడు. రాగి అది ఆట అనుకుంది. పాతరోజుల్లో గొర్రెలవెంట అలాగే ఆడేవాళ్ళేమో. మూడో చుట్టులో వాడి కాలికి పట్టుపంచె తట్టుకుని వెల్లకిలా పడ్డాడు. రాగి వాడి రొమ్ముమీదికెక్కి మొహమంతా నాకింది.

కుక్క తనవాణ్ణి చూస్తే తన దగ్గరున్నదేదీ దాచుకోదు. వాడిచ్చిన ప్రాణాన్ని వాడికే ఇచ్చేసింది. జడలు నెరిశాయి. కళ్ళ ఎరుపు పోయింది. రాకుండా ఆగిన మూడువందల ఏళ్ళూ ఒక్కసారే వచ్చి మీదపడ్డాయి. నేలమీద పండుముసలి గొర్రెలకాపరి ఒకడు పడి ఉన్నాడు. మంత్రదండం వట్టి చేతికర్ర అయిపోయింది.

"రాగీ... ఇంకా ఉన్నావురా?" అన్నాడు లింగన్న. తర్వాత మణికేతుడివైపు చూశాడు. "ఇచ్చింది వదలదనుకున్నాను బాబూ. నేనే ఎదురైతే నాకే ఇచ్చేస్తుందని తోచలేదు."

"మూడువందల ఏళ్ళలో ఒక్కసారైనా వెళ్ళి చూడలేదా?"

"వెళ్తే ఇలాగే అవుతుందని లోపల ఎక్కడో తెలుసేమో" అన్నాడు ముసలాడు. రాగి చెవివెనక గోకాడు. "నన్ను చూసి సంతోషపడ్డవాళ్ళు ఇన్నేళ్ళలో ఒక్కరు లేరు. ఇది చూడు, ఎలా ఊపుతోందో తోక."

ఆ మాటతోనే ప్రాణం వదిలాడు. రాగి వాడి పొట్టమీద తల పెట్టుకుంది. మళ్ళీ లేవలేదు. మణికేతుడూ తరళా ఇద్దర్నీ ఒకే గోతిలో పడుకోబెట్టి, గొంగడి కప్పారు. అంతమందిని ఏడిపించినవాడికి గొయ్యి తవ్వడమెందుకని తరళ అంది. అంటూనే మట్టి పోసింది.

పెరట్లో రాళ్ళు ఒళ్ళు విరుచుకుని లేచాయి. తరళ తండ్రి కూడా లేచి, ఆకలేస్తోందన్నాడు. అందరూ దీవి రేవులో ఉన్న ఓడలెక్కి ఎవరిళ్ళకు వాళ్ళు బయలుదేరారు. మణికేతుడు తరళనూ ఆమె తండ్రినీ వెంటబెట్టుకుని పాలవెల్లి ఓడెక్కాడు. మాంత్రికుడు చచ్చేనాటికి ఆరునెలలు నిండాయో లేదో, లెక్క తప్పిపోయింది. రాయి ముందే ఇసుకైపోయి ఉంటే? ఓడలో అతనికి అన్నం సయించలేదు. తరళ పక్కన కూర్చుంది, అంతే.

పాలవెల్లి తీరం కనబడింది. ఒడ్డున జనం గుమిగూడి ఉన్నారు. ఆ జనం నడుమ రాజుగారి తెల్లగొడుగు ఉంది. గొడుగు పట్టుకున్నది ధ్వజకేతుడు. పక్కన వెండికంచం పట్టుకుని జయకేతుడు. రాజుగారేమో ఎండలో నిలబడి ఉన్నారు. మరి గొడుగు ఎవరికి?

గొడుగుకింద, అలలు కాళ్ళకు తగిలేంత దగ్గరగా, సముద్రంవైపు తిరిగి గవ్వ కూర్చుని ఉంది.

"రాయిలోంచి లేచింది మొదలు ఇక్కడే ఉందిరా!" అని ధ్వజకేతుడు ఒడ్డునుంచి అరిచాడు. "మూడువారాలు! ఇంటికి రాదు. మా కుక్కలు పిలిచినా రాదు!"

"నేను ముద్ద పెడితే తినదు! పాలు పోస్తే ఒక గుక్క తాగుతుంది, మళ్ళీ సముద్రంవైపు తిరుగుతుంది!" అని జయకేతుడు అరిచాడు. అతని గొంతు బొంగురుపోయి ఉంది.

మణికేతుడు ఓడ ఒడ్డుకు చేరేదాకా ఆగలేదు. దూకేశాడు. అటునుంచి గవ్వా దూకింది. మొలలోతు నీళ్ళలో ఇద్దరూ కలిశారు. ఎవరు ఎవర్ని పట్టుకున్నారో, ఎవరు కుయ్యిమన్నారో, ఎవరు ఏడ్చారో ఒడ్డునున్నవాళ్ళకు తెలియలేదు. దాని తోక కొస మాత్రం తిరిగి రాలేదు. ఉన్నంతలోనే ఊపింది.

ఆ నెలలోనే మణికేతుడికీ తరళకూ పెళ్ళైంది. పెద్దకొడుకులిద్దరూ తామే వచ్చి తండ్రితో, "కుక్కను వదలనివాడు ప్రజల్ని వదలడు. పట్టం తమ్ముడికే కట్టండి" అన్నారు. రాజుగారు అలాగే కట్టారు. మణికేతుడు ఏభై ఏళ్ళు ఏలాడు. వానలు కురిశాయి, పంటలు పండాయి, పిల్లలు పుట్టారు.

కానీ కుక్కల ఆయుష్షు ఏభై ఏళ్ళు ఉండదు కదా. ఐదేళ్ళు గడిచాక గవ్వ చూపు మందగించింది. మెట్లెక్కలేకపోతే మహారాజే ఎత్తుకుని ఎక్కించేవాడు. అప్పుడు ముసలి మంత్రి ఒకరోజు దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "ప్రభూ, మాంత్రికుడి తాళపత్రాలు తెప్పించి చదివించాను. మీ ఆయుష్షులో కొంత దీనికి పెట్టవచ్చట. మీకంటే ఎక్కువకాలం బతుకుతుంది."

మణికేతుడు ఆ రోజంతా ఆలోచించాడు. ఒళ్ళో పడుకున్న గవ్వ ముక్కు నిమురుతూ ఆలోచించాడు. మర్నాడు పొద్దున్నే ఆ పత్రాల్ని పొయ్యిలో పెట్టించాడు.

"అదేమిటి? దానిమీద మీకంత ప్రాణం కదా!" అంది తరళ.

"అందుకే తరళా. అది ముందు పోతే నేను ఏడుస్తాను. ఏడవగలను. నేను ముందు పోతే అది గుమ్మంలో కూర్చుంటుంది" అన్నాడు మహారాజు.

ఇదీ పాలవెల్లి రాజు కథ. చెప్పినవాళ్ళకు గొంతు ఎండింది, విన్నవాళ్ళకు కళ్ళు తడిశాయి. కథ తన దారిన కంచి వెళ్ళింది, మీరు లేచి మీ పక్కలు పరుచుకోండి.